వదిన లెక్క

షెడ్డు. మధ్యాహ్నం మూడున్నర. బండి కింద బావ, గుమ్మంలో మరదలు.

"నేను రాగానే ఆపేశావేం?"

"ఏం ఆపాను?"

"టేపు. గేటు దగ్గరే విన్నాను బావా. అక్క గొంతు."

"రేడియో."

"రేడియోలో మా అక్క 'పదకొండు పాయింట్ ఆరు, కుడి పక్క రాళ్ళు' అని చదువుతుందా?"

"కాళ్ళు తుడుచుకుని రా. గ్రీజుంది."

"నీ షెడ్డులోకి వచ్చేటప్పుడు కాదు, పోయేటప్పుడు తుడుచుకోవాలి కాళ్ళు."

"వచ్చిన పనేంటి చిట్టీ?"

"ఎదురింటావిడ ఏమందో తెలుసా? రోజూ పొద్దున్నే మీ బావ షెడ్డులో ఆడమనిషి గొంతు వినబడుతోందమ్మా, అంది. మీ అక్క పోయి తొమ్మిదేళ్ళయింది కదా, పోనీలే ఎవరో తోడు దొరికారనుకున్నాం, అంది. ఆ తోడు రోజూ అవే అంకెలు చెబుతోందట. పిల్లలు మీ షెడ్డు ముందు నుంచి నడవడం మానేశారట."

"మంచిదే. బంతులు గోడ దాటి రావు."

"నవ్వులాటగా ఉందా?"

"నేను నవ్వలేదు."

"నువ్వు ఎప్పుడు నవ్వావు గనక? బండి కింద నుంచి బయటికి రా. పుస్తకం తెచ్చాను. కొత్తది."

"అక్కడ పెట్టి వెళ్ళు."

"నీ పుస్తకం బావా. బయట నీ పేరే ఉంది. బండి వేసుకుని గతుకుల్లో పడి చూసి రావాల్సిన చోట్లన్నీ. ఒక్కసారి చూడవా?"

"రాసింది నేనే. నాకు తెలుసు."

"తెలుసు, ఏం రాశావో. ఉప్పు మైదానం. 'తెల్లగా ఉంటుంది. తడిస్తే బండి దిగబడుతుంది.' అంతే. ఇసుక దిబ్బల మీద సూర్యోదయం. 'కనబడుతుంది.'"

"కనబడదా?"

"ఏటి గర్భంలో పన్నెండు కిలోమీటర్లు, రెండు పక్కలా ఎర్ర గోడలు, పైన గీత గీసినట్టు ఆకాశం. దానికి నువ్వు రాసింది, 'రెండో గేరు.'"

"మూడో గేరు వేస్తే చస్తారు."

"అక్క ఉన్నప్పుడు చోటు గురించి అక్క రాసేది, ప్రమాదాల గురించి నువ్వు రాసేవాడివి. ఉప్పు మైదానం గురించి ఏం రాసింది? 'బండి ఆపి ఇంజను కట్టేయండి. మీ చెవుల్లో మీ రక్తం పారుతున్న చప్పుడు మీకే వినబడుతుంది.' ఆ ఒక్క మాట కోసం జనం పోయేవాళ్ళు. ఇప్పుడు పుస్తకంలో ప్రమాదాలే మిగిలాయి."

"ఆ మాట కోసం పోయి దిగబడ్డవాళ్ళని లాగింది నేను. అయిందా?"

"అవలేదు. ఈసారి ఇరవయ్యో చోటు వేశాను."

"పంతొమ్మిదే కదా ఇచ్చాను."

"ఇరవయ్యోది నేనే రాశాను. లోయ అంచు. ఏమిటా చప్పుడు? బావా?"

"స్పానరు జారింది. తియ్యి."

"ఏం తియ్యాలి?"

"ఆ పేజీ."

"అచ్చయిపోయింది."

"చింపెయ్యి."

"తొమ్మిదేళ్ళుగా దాన్ని దాచావు. జనం దాచనిచ్చారా? అందరూ అడిగేది ఆ చోటే. తెల్లారేసరికి అంచు మీదికి చేరాలి. సూర్యుడు వీపు వెనక ఉండాలి. కింద లోయ నిండా మబ్బు. మన నీడ పోయి ఆ మబ్బు మీద పడుతుంది, తల చుట్టూ రంగుల వలయంతో. అక్క చెప్పింది నాకు. మొదటిసారి మీరిద్దరూ వెళ్ళొచ్చినప్పుడు చెప్పింది. పక్కపక్కనే నిలబడ్డాం చిట్టీ, ఆయనకి ఆయన తల చుట్టూ ఒక్కటే కనిపించింది, నాకు నా తల చుట్టూ ఒక్కటే కనిపించింది, ఎవరి వలయం వాళ్ళకే, అంది. అదే మాట పేజీలో పెట్టాను."

"పెట్టుకో. చింపెయ్యి."

"ఎందుకు?"

"అది చూసే చోటు కాదు."

"అక్క అక్కడ పోయిందని కదూ? నాకు మాత్రం లేదా బావా ఆ బాధ? అది నాకు అమ్మ తర్వాత అమ్మ. అయినా మనం మూసి పెడితే జనం మానేశారా? దారి తెలీకుండా పోతున్నారు. మొన్న రెండు బళ్ళు వాగులో ఇరుక్కున్నాయి. సరైన దారి చెప్పడం నయం కదా."

"సరైన దారి నీకేం తెలుసు?"

"నువ్వు చెప్పిందే. నీ మొదటి పేజీ కూడా ముట్టుకోలేదు. 'బండిలో పక్కన కూర్చుని చదివేవాళ్ళు ఉన్నది చదవాలి. సొంత లెక్కలు వేయకూడదు. ఒక్క అంకె తప్పినందుకు ఒక ప్రాణం పోయింది.' తొమ్మిదేళ్ళుగా ఆ వాక్యాన్ని నా చేత్తో అచ్చుకి పంపుతున్నాను. మా అక్క గురించి, నా చేత్తో."

"జాగ్రత్త కోసం రాశాను."

"జాగ్రత్తకే పనికొచ్చిందా? నీ బళ్ళ క్లబ్బులో ఎవడైనా అంకె తప్పు చదివితే ఏమంటారో తెలుసు కదా? 'వదిన లెక్క చెప్పకురా' అంటారు. నువ్వు వాళ్ళకి అన్నవి. అది వదిన. దాని చేతి టీ తాగినవాళ్ళే అంటారు. దాన్ని చూడనే చూడని పిల్లలూ అంటారు. తప్పుడు అంకెకి అదే పేరు ఇప్పుడు."

"కుర్ర మాటలు."

"మా అమ్మ ఆ మాట విని మంచం పట్టింది. 'దానికి లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది వచ్చేవి, ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయే చిట్టీ' అని అడిగి అడిగి పోయింది. నిన్న బళ్ళు బయల్దేరేటప్పుడు ఒకడు మా అల్లుడితో అన్నాడు, 'బాబూ, వదిన లెక్క చదవకు' అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను బావా. నవ్వి ఇంటికెళ్ళి చాలాసేపు గిన్నెలు తోముతూ కూర్చున్నాను."

"ఏ బళ్ళు?"

"నిన్న బయల్దేరినవి."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, అక్కడికే. లోయ అంచుకి. పదకొండు బళ్ళు. ముందు బండి మా పిల్ల నడుపుతోంది, పక్కన అల్లుడు చదువుతాడు. కాగితం ట్రిప్పు, నువ్వు పెట్టిన పద్ధతే. ఫోన్లన్నీ సంచిలో వేసి తాళం. వంతెన దగ్గర మీటరు సున్నా చేసి, కాగితంలో ఎన్ని కిలోమీటర్లకి ఏం రాసుంటే అదే చదవడం, అలాగే తిప్పడం."

"ఏ కాగితం?"

"ఇదే. ఇరవయ్యో పేజీ. చూడమంటే చూడవు కదా."

"ఇటు తే."

"చేతులు తుడుచుకో."

"ఇటు తే అన్నాను!"

"అబ్బ, ఇదిగో. అరుస్తావెందుకు? ఇక్కడ వంతెన, సున్నా. నాలుగు పాయింట్ ఒకటి, వాగు. తొమ్మిది, రెండు దారులు, కుడి. ఇదిగో ఇక్కడ, మలుపు. పదమూడు పాయింట్ మూడు. ఎడమ. అక్క తప్పుని దిద్దేశాను."

"ఎవరు చెప్పారు నీకు ఈ అంకె?"

"నువ్వే. పోలీసులకి రాసిచ్చిన కాగితంలో. దాని నకలు నా దగ్గరుంది. 'మలుపు పదమూడు పాయింట్ మూడు దగ్గర ఉండగా నా భార్య పద్నాలుగు పాయింట్ రెండు అని చదివింది. ఆ కారణంగా మలుపు దాటిపోయాము.' నీ రాతే. కింద నీ సంతకమే."

"మీ పిల్ల ఎక్కడుంది ఇప్పుడు?"

"దారిలో. నాలుగింటికి ఆఖరి పెట్రోల్ బంకు దగ్గర ఆగి ఫోన్ చేస్తానంది. అక్కడితో ఫోన్లు సంచిలోకి. మళ్ళీ రేపు సాయంత్రమే."

"వెనక్కి రమ్మను."

"ఎందుకు?"

"వాతావరణం బాగాలేదు."

"పొద్దున వార్తల్లో బాగుందన్నారు."

"మారింది."

"షెడ్డులో బండి కింద పడుకున్నవాడికి తెలిసిందా మారిందని?"

"దారి బాగాలేదు."

"గతుకుల దారి బాగుండడమేంటి బావా? బాగుంటే వీళ్ళు పోతారా?"

"చిట్టీ, రమ్మను అంటే రమ్మను. కారణాలు అడక్కు. ఒకసారి ఫోన్ చెయ్యి."

"చేస్తున్నా. తగలడం లేదు. ఘాట్ లో ఉంటారు. అదే చేస్తుంది నాలుగింటికి. ఏమైంది నీకు? ఆ బల్ల సొరుగులో ఏం వెతుకుతున్నావు?"

"నోట్‌బుక్కు."

"అక్క నోట్‌బుక్కా? పోయిందన్నావు. మూడుసార్లు అడిగాను నిన్ను. మూడుసార్లూ లోయలో పడిపోయిందన్నావు!"

"ఉంది."

"సొరుగులోనా?"

"ఉంది. మాట్లాడకు. చూడనీ. పన్నెండు... పదమూడు... ఇదీ. పదమూడు పాయింట్ నాలుగు."

"ఏముంది అక్కడ?"

"చదువుతా విను. '13.4. ఎడమ పక్క సందు. తిప్పకూడదు. పాత క్వారీ.'"

"క్వారీయా?"

"రాళ్ళు కొట్టిన గొయ్యి. సందు చూడ్డానికి దారిలాగే ఉంటుంది. అరవై అడుగులు పోతుంది. తర్వాత నేలుండదు."

"మరి నేను వేసింది పదమూడు పాయింట్ మూడు..."

"తెల్లవారుజామున మంచులో పోతారు. పదమూడు పాయింట్ మూడు దగ్గర ఎడమ మలుపని కాగితంలో ఉంది. మలుపు కనబడదు. వంద మీటర్లు అటూ ఇటూ కదా అనుకుని, కనబడిన మొదటి సందులో తిప్పుతారు."

"అయ్యో."

"ముందు బండి వెనకే మిగతావీ."

"అయ్యో బావా. మరి అసలు మలుపు ఎక్కడుంది?"

"పద్నాలుగు పాయింట్ రెండు."

"అది అక్క చదివిన అంకె."

"అవును."

"అది తప్పు అంకె కదా."

"కాదు."

"కాదా?"

"కాదు."

"కాదంటే? నువ్వే కదా... ఆగు. నన్ను కూర్చోనీ. పద్నాలుగు పాయింట్ రెండు అని అక్క చదివింది. మలుపు పద్నాలుగు పాయింట్ రెండు దగ్గరే ఉంది. మరి మలుపు ఎలా దాటిపోయారు?"

"టైర్లు."

"ఏ టైర్లు?"

"నోట్‌బుక్కు రాసింది రెండేళ్ళ ముందు. అప్పుడు బండికి కంపెనీ టైర్లు. ఆ ట్రిప్పుకి వారం ముందు పెద్ద టైర్లు వేశాను. రాళ్ళ మీద బాగుంటాయని."

"వేస్తే?"

"పెద్ద టైరు ఒక చుట్టు తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి దూరం తెలీదు, చుట్లే తెలుసు. అందుకని బండి పోయిన దూరం కంటే మీటరు తక్కువ చూపిస్తుంది. మేం మలుపు దగ్గరికి వచ్చేసరికి మీటరులో పదమూడు పాయింట్ మూడే ఉంది. పద్నాలుగు పాయింట్ రెండుకి ఇంకా తొమ్మిది వందల మీటర్లుందనుకున్నాను. తిన్నగా పోయాను. తిన్నగా పోతే రోడ్డు లేదు. అంచే ఉంది."

"ఆ టైర్లు ఎవరు మార్చారు?"

"నేనే. ఇక్కడే. నువ్వు కూర్చున్న చోటే జాకీ వేశాను. మంచు ఎక్కువైతే చదివేవాళ్ళు దిగి, భుజాన తెల్ల టవలు వేసుకుని బండి ముందు నడవాలి. మన పద్ధతి. అది నడిచింది. టవలు చూసుకుంటూ వెనక నేను. టవలు కనబడింది, కనబడింది, కనబడలేదు."

"ఆ సంగతి నాకు తెలుసు. అది వంద సార్లు చెప్పావు. చెప్పనిది చెప్పు. అది తప్పు చదివిందని ఎందుకన్నావు?"

"పోలీసు అడిగాడు. మలుపు ఎలా దాటారు అని. నోటికొచ్చింది."

"నోటికొచ్చింది."

"ఒక్కసారి అన్నాను. తర్వాత అందరూ అన్నారు."

"ఒక్కసారా? మొదటి పేజీలో అచ్చేయించావు! ఏటేటా అచ్చేయించావు! నా చేత వేయించావు!"

"చిట్టీ, టైమెంత?"

"పది తక్కువ నాలుగు. టైమడుగుతున్నావా నన్ను? మా అమ్మ ఆ రెండు మార్కుల కోసం ఏడ్చి చచ్చిపోయింది. దశదినాల రోజు మీ అన్నయ్య అందరిలో అన్నాడు, ఆడవాళ్ళ చేతికి అంకెలిస్తే ఇంతేనని. నువ్వు పక్కనే కూర్చున్నావు. తల దించుకుని కూర్చున్నావు. పాపం ఎంత బాధపడుతున్నాడో అనుకుని నీకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను."

"తర్వాత తిట్టు. ముందు ఆ పిల్ల ఫోన్ చేస్తే ఏం చెప్పాలో..."

"నువ్వు చెబుతావు."

"నువ్వు చెప్పు. అంకె అచ్చు తప్పని చెప్పు. చాలు. దిద్దుకుంటారు."

"అచ్చు తప్పా? అంటే ఈసారి నా తప్పా?"

"అలా అన్లేదు."

"అదే అన్నావు. నువ్వు చెయ్యని తప్పులు చెయ్యడానికి మా ఇంట్లో ఎంతమంది ఉండాలి బావా?"

"ఫోన్ మోగుతోంది."

"వినబడుతోంది. నువ్వే ఎత్తు."

"చిట్టీ..."

"ఎత్తు. ఆ స్పీకరు బొమ్మ మీద నొక్కు. ఇద్దరం వింటాం."

"హలో."

"అమ్మా! బంకు దగ్గరికి వచ్చేశాం. నిద్రపోతున్నవాళ్ళనందర్నీ లేపి... ఎవరూ, పెద్దనాన్నా? నువ్వు ఫోన్ ఎత్తావా? ఒరే అందరూ వినండ్రా, పెద్దనాన్న ఫోన్ ఎత్తాడు! రేపు కొండలు కదులుతాయి!"

"పిల్లా. కాగితం తీసి చేత్తో పట్టుకో."

"ఏం పెద్దనాన్నా?"

"ఇరవయ్యో పేజీ. మలుపు దగ్గర పదమూడు పాయింట్ మూడు అని ఉంది. కొట్టెయ్యి. పద్నాలుగు పాయింట్ రెండు అని రాయి."

"పద్నాలుగు పాయింట్ రెండా? అది వదిన లెక్క కదా... అయ్యో సారీ పెద్దనాన్నా, ఇక్కడ వీళ్ళు పొద్దున్నుంచీ అంటుంటే నోటికి అదే వచ్చేసింది. అది పెద్దమ్మ తప్పు చదివిన అంకె కదా?"

"తప్పు కాదు. రాయి."

"రాస్తే నువ్వే తిడతావు. మొదటి పేజీలో నువ్వే రాశావుగా, సొంత లెక్కలు వేయకూడదని. మీ అల్లుడు ఇక్కడ తల అడ్డంగా ఊపుతున్నాడు. అచ్చులో ఉన్నదే చదువుతాడట. ఫోన్లో చెబితే ఒప్పుకోడట. నువ్వు పెట్టిన రూలేనట."

"వాడికి ఇవ్వు ఫోను."

"అందరూ వింటున్నారు, స్పీకర్లో ఉంది. చెప్పు."

"అందరూనా?"

"ఇరవై ఇద్దరం."

"వినండి. తొమ్మిదేళ్ళ కింద ఆ మలుపు దగ్గర మీ వదిన తప్పు చదవలేదు. చదివిన అంకె సరైనదే. బండికి పెద్ద టైర్లు వేసింది నేను. మీటరు తక్కువ చూపించింది. మలుపు దాటించింది నేను. తర్వాత అది తప్పు చదివిందని చెప్పింది నేను. అబద్ధం చెప్పాను. పోలీసులకి చెప్పాను, మీకు చెప్పాను, పుస్తకంలో రాశాను. పదమూడు పాయింట్ నాలుగు దగ్గర ఎడమ సందు కనబడుతుంది. అది క్వారీ. తిప్పితే చస్తారు. మలుపు పద్నాలుగు పాయింట్ రెండు. విన్నారా?"

"విన్నాం పెద్దనాన్నా."

"రాసుకున్నారా?"

"ఆయన రాస్తున్నాడు."

"పెద్ద టైర్లున్న బళ్ళెన్ని?"

"మూడు. మాది కాదు. మాది కంపెనీ టైర్లే."

"ఆ ముగ్గురినీ మీటరు చూడొద్దను. మీ వెనకే రమ్మను. మంచు పట్టిందా, ఆగిపోండి. ఎండ వచ్చేదాకా కూర్చోండి. నీడ, వలయం, ఏమీ చూడకపోయినా పర్లేదు. ఎవర్నీ దింపి ముందు నడిపించకండి. విన్నావా? ఎవర్నీ."

"సరే పెద్దనాన్నా. నిన్న ఆ మాటని అందర్నీ నవ్వించినాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఉందా పక్కన?"

"ఉన్నానే. జాగ్రత్త. పెట్టెయ్. పెద్దనాన్న చెప్పినట్టు చెయ్యి."

"ఉంటానమ్మా."

"మంచినీళ్ళు కావాలా?"

"వద్దు."

"తాగు. ఈసారి నిజంగానే కావాలి నీకు. అన్నావు. ఆఖరికి అన్నావు. తొమ్మిదేళ్ళు పట్టింది."

"పిల్లలు బతుకుతారు. చాలు."

"వాళ్ళు బతుకుతారు. సరే. నిన్ను ఏమనాలో నాకింకా తెలీడం లేదు. తిట్టాలని ఉంది. జాలి కూడా వేస్తోంది, దాని మొహం మండ. మర్చిపోయావు. మనుషులు మర్చిపోతారు. టైర్లు మార్చాక అంకెలు మారతాయని తట్టలేదు. అంతే కదా?"

"అంతే."

"దానికీ తట్టలేదు."

"ఇద్దరికీ తట్టలేదు."

"ఇద్దరికీ."

"ఆ."

"ఆ నోట్‌బుక్కు ఇటివ్వు. దాని చేతి రాత చూసి ఎన్నేళ్ళయిందో."

"తర్వాత చూద్దువుగాని. మసకేస్తోంది."

"నాలుగింటికి మసకేంటి? ఇవ్వు. ఇదిగో, 'ర' కింద తోక. చిన్నప్పుడు పలక మీద కూడా అలాగే రాసేది. పదకొండు పాయింట్ ఆరు, కుడి పక్క రాళ్ళు. పన్నెండు పాయింట్ ఏడు, గొర్రెల దొడ్డి. బావా."

"ఊ."

"ఈ పెన్సిల్ అంకెలేంటి?"

"ఏ పెన్సిల్?"

"సిరాతో రాసిన ప్రతి అంకె కిందా పెన్సిల్‌తో ఇంకో అంకె ఉంది. వాగు నాలుగు పాయింట్ ఒకటి, కింద మూడు పాయింట్ ఎనిమిది. రెండు దారులు తొమ్మిది, కింద ఎనిమిది పాయింట్ నాలుగు. అన్నీ కొంచెం కొంచెం తక్కువ. మలుపు పద్నాలుగు పాయింట్ రెండు. కింద..."

"చిట్టీ, మూసెయ్."

"కింద పదమూడు పాయింట్ మూడు."

"మూసెయ్ అన్నానా."

"ఇవి కూడా దాని అంకెలే. ఈ మూడు కింద తోక చూడు. ఇవెప్పుడు రాసింది?"

"ఏమో."

"టైర్లు మార్చాక రాసింది. కదూ? అంటే దానికి తట్టింది. కూర్చుని మొత్తం లెక్కేసింది. మంచులో మలుపే కనబడలేదని వంద సార్లు చెప్పావు. మళ్ళీ ఆ చోటికి పోనే లేదు నువ్వు. అయినా పోలీసు అడగ్గానే పదమూడు పాయింట్ మూడు అని ఖచ్చితంగా చెప్పావు. ఎలా చెప్పావు బావా? ఎవరు చెప్పారు నీకు ఆ అంకె?"

"పిల్లలు బతికారు కదా. ఇంక వదిలెయ్ చిట్టీ."

"ఆ టేపు రికార్డర్ ఇటివ్వు. ప్రతి ట్రిప్పులోనూ అక్క చదివేది దాంట్లోకే ఎక్కించేవాళ్ళు కదా, ఆ రోజు కూడా."

"బ్యాటరీ అయిపోయింది."

"అరగంట కింద ఆడుతోంది."

"టేపు తెగింది. పదమూడు తర్వాత తెగిపోయింది. ఆ కుదుపులో."

"పదమూడు దాకా తొమ్మిదేళ్ళు రోజూ ఆడిన టేపు. ఎదురింటి పిల్లలకి కూడా కంఠతా వచ్చిన టేపు. పదమూడు తర్వాత తెగిందా?"

"తెగింది."

"ఆపే మీట ఒక్కటే అరిగిపోయింది బావా. మిగతావన్నీ కొత్తవాటిలా ఉన్నాయి."

"చిట్టీ, వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"గ్రీజవుతుంది. లే. నొక్కుతున్నాను."

టేపు:

— పదమూడు. తిన్నగా.

— ఊ.

— పదమూడు పాయింట్ రెండు. పదమూడు పాయింట్ మూడు. ఏమండీ, ఇదే మలుపు. ఎడమకి తిప్పండి.

— పుస్తకంలో ఏముంది?

— పద్నాలుగు పాయింట్ రెండు. కానీ టైర్లు మార్చాం కదా. నిన్న మీరు పడుకున్నాక అన్నీ లెక్కేశాను, కింద పెన్సిల్‌తో...

— నిన్ను లెక్కలెవరు వెయ్యమన్నారు? ఉన్నది చదువు.

— ఒక్క నిమిషం ఆపి చూద్దాం. తెల్ల రాయి ఉండాలి ఇక్కడ.

— ఉన్నది చదువు!

— పద్నాలుగు పాయింట్ రెండు. ఎడమ.

— అదీ. ఇంకా తొమ్మిది వందల మీటర్లుంది. దారి కనబడ్డం లేదు. టవలేసుకుని దిగు, ముందు నడు.

— సరే, దిగుతాను. మీరు మాత్రం మెల్లగా రండి. నేను చెయ్యెత్తిన చోట బండి ఆపేయండి. నా లెక్క తప్పయితే అప్పుడు తిడుదురుగాని.